దుప్పట్లో టార్చిలైటు, చేతిలో మంత్రాల పుస్తకం

పిల్లలు ఈ మధ్య ఏం చదువుతున్నారో రాయమని రెండు సంచికల కిందట అడిగాను. వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే సంగతి: మంత్రగాళ్ళు, డ్రాగన్లు, మాయాలోకాలు ఉండే లావుపాటి ఇంగ్లీషు నవలలు. రాసినవాళ్ళలో ఎక్కువమంది మన గోదావరి పాయల మధ్య ఊళ్ళవాళ్ళే. పేర్లు వెయ్యొద్దన్నారు కాబట్టి వెయ్యడం లేదు. ఈసారి కాలమ్ మొత్తం వీటికే.

ప్రశ్న: అక్కా, మా అబ్బాయి పదో తరగతండి. పోయినేడు ఫ్రెండ్ ఎవరో హ్యారీ పోటర్ మొదటి పుస్తకం ఇచ్చాడు, అప్పట్నుంచీ వాడికి అదే లోకం. ఇప్పుడు ఐదోది చదువుతున్నాడు, ఇటుకరాయంత ఉంది. రాత్రి పదకొండింటికి లైటు తీసేస్తే దుప్పట్లో ఫోను టార్చి వేసుకుని చదువుతున్నాడు. లెక్కల్లో మార్కులు తగ్గాయి. వాళ్ళ నాన్నగారేమో ఆ పుస్తకాలన్నీ కట్టగట్టి అటక మీద పడేస్తాను, పబ్లిక్ పరీక్షలయ్యాక ఇద్దాం అంటున్నారు. మా మావగారు పోయిన వైశాఖంలో కాలం చేశారు. ఆయన ఉంటే చెప్పేవారు, తాతయ్య మాటంటే వాడికి గురి. నా మాట వినడండి. టెన్షన్‌తో నాకు నిద్ర పట్టడం లేదు. పుస్తకాలు దాచేయమంటారా? (అమలాపురం దగ్గర నుంచి ఒక తల్లి)

జవాబు: దాచకండమ్మా. దాచితే వాడు చదవడం మానడు, మీకు చెప్పడం మానేస్తాడు.

ముందు మీరు ఒక్క వాక్యంలో రాసి దాటిపోయిన సంగతి దగ్గరికి వస్తాను, ఎందుకంటే ఉత్తరం మొత్తంలో నన్ను ఆపింది అదే. తాతగారు వైశాఖంలో పోయారన్నారు. వాడు ఆయన పక్కన పడుకునేవాడా? ఆయనతో రోజూ కూర్చుని మాట్లాడేవాడా? ఆయన పోయాక వాడు ఎవరి దగ్గరైనా ఏడ్చాడా? పద్నాలుగు, పదిహేనేళ్ళ మగపిల్లాడు మన ఇళ్ళల్లో ఏడవడు, వచ్చినవాళ్ళకి కుర్చీలు వేస్తాడు, మంచినీళ్ళు అందిస్తాడు, పదకొండో రోజు భోజనాల దగ్గర వడ్డన చేస్తాడు. తరవాత ఏ పుస్తకంలోనో తలదూరుస్తాడు.

మీరు ఆ పుస్తకాల్ని దూరం నుంచి చూసి మంత్రదండాలు, చీపురు మీద ఎగరడాలు అనుకుంటున్నారు. దగ్గరికి వెళ్ళి చూస్తే అవి మొదటి నుంచి చివరిదాకా పోయినవాళ్ళ గురించిన పుస్తకాలు. మొదటి దాంట్లోనే ఒక అద్దం ఉంది. దాని ముందు నిలబడితే మనసులో అన్నిటికన్నా గట్టిగా కోరుకునేది కనిపిస్తుంది. తల్లీతండ్రీ లేని ఆ పదకొండేళ్ళ పిల్లాడికి అందులో వాళ్ళమ్మా నాన్నా కనిపిస్తారు, రాత్రిళ్ళు లేచి వెళ్ళి మళ్ళీ మళ్ళీ ఆ అద్దం ముందే కూర్చుంటాడు. మూడో పుస్తకంలో మనిషిలోని సంతోషాన్నంతా పీల్చేసే జీవాలు వస్తాయి. తను పడ్డ డిప్రెషన్‌లోంచే వాటిని తయారుచేశానని రచయిత్రి రౌలింగ్ చెప్పుకున్నారు. ఆవిడ మొదటి పుస్తకం రాయడం మొదలుపెట్టిన ఏడాదే, 1990 డిసెంబరు ఆఖర్లో వాళ్ళమ్మగారు పోయారు. ఆ దుఃఖం పుస్తకాల నిండా ఉంది, పిల్లలకి తగులుతుంది.

ఇప్పుడు మీవాడు చదువుతున్న ఐదోది ఏడింటిలోకీ లావుపాటిది. దాని చివర్లో ఒకరు పోతారు. ఎవరో ఇక్కడ రాయను, వాడు ఇంకా ఆ పేజీకి రాలేదేమో. కానీ కథలోని ఆ పిల్లాడికి ఇంటి పెద్దలా దొరికిన మనిషి. ఆ పేజీ చదివిన రోజు మీవాడి మొహం చూస్తే మీకు తెలుస్తుంది. ఆ రోజు వాడి పక్కన ఉండండి. పుస్తకం అటక మీద ఉంటే ఆ పేజీ వాడికి దొరకదు, ఆ రోజు మీకూ దొరకదు.

ఇక లెక్కల సంగతి. అది చిన్న విషయమని నేను అనను, పదో తరగతి మార్కులు మన దగ్గర ఎంత పనిచేస్తాయో నాకూ తెలుసు. కానీ మార్కులు తగ్గడానికి కారణం పుస్తకమో, నిద్రో ముందు తేల్చుకోండి. ఒంటిగంట దాకా మేలుకున్నవాడు పొద్దున ట్యూషన్‌లో కళ్ళు తెరిచి నిద్రపోతాడు, చేతిలో ఏ పుస్తకం ఉన్నా అంతే. కాబట్టి దుప్పట్లోంచి చదువుని హాల్లోకి తెచ్చేయండి. రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదింబావు దాకా ట్యూబ్‌లైటు కింద, అందరూ చూస్తుండగా, దర్జాగా చదువుకోమనండి. తరవాత పుస్తకం షెల్ఫులోకి, ఫోను మీ దిండు కిందకి. లెక్కల పేపరు తెచ్చి ఎదురుగా పెట్టుకుని ఏ చాప్టర్లో పోయాయో వాడితోనే చెప్పించండి. చాలామందికి ఒకటో రెండో చాప్టర్లలోనే చిక్కుంటుంది, దానికి నవల మీద కోప్పడితే ఆ చాప్టరు రాదు. పరీక్షలు మార్చిలో కదా, సంక్రాంతి వెళ్ళాక కొత్త పుస్తకం మొదలుపెట్టనని వాడి నోటితోనే అనిపించండి, మీరు శాసనం చేయకుండా. వాడు అన్నమాట వాడు నిలబెట్టుకుంటాడు.

మరొకటి. మీరు వంటింట్లో కూర తరుగుతున్నప్పుడు "ఆ కథ ఎంతదాకా వచ్చింది రా" అని అడిగి చూడండి. మొదటిరోజు విసుక్కుంటాడు, పర్వాలేదు. రెండో వారానికి మీ వెనకాలే తిరుగుతూ చెప్తాడు. ఆ అద్దం సంగతి మీరే ఎత్తండి. "నీకైతే ఎవరు కనిపించేవారు" అని అడగండి. జవాబు మీకు ముందే తెలుసు, అయినా వాడు చెప్పాలి.

ప్రశ్న: మేడం, నేను ఎనిమిదో తరగతి. మాది లంక ఊరు, వరద వస్తే పడవ మీద వెళ్ళాలి స్కూలుకి. హ్యారీ పోటర్ సినిమా టీవీలో చూశాను, బుక్ ఇంకా బాగుంటుందని మా సార్ చెప్పారు. నాకు ఇంగ్లీషు అంత రాదు. తెలుగులో అలాంటి కథలు ఉన్నాయా? కొనడానికి డబ్బులు లేవు. (ముమ్మిడివరం వైపు నుంచి)

జవాబు: నాన్నా, నీ ఉత్తరం చదువుతుంటే నా చిన్నప్పటి వరద గుర్తొచ్చింది. నీకు చెప్పాలి.

1986 ఆగస్టు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల దాకా వచ్చిన వరద అది, మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడిగితే ఆ ఏడాది పేరు ఎత్తగానే చెప్తారు. నాకు పన్నెండేళ్ళు. ఏటిగట్టు నిలబడదని కబురొచ్చి ఊరందర్నీ రాత్రికి రాత్రి హైస్కూలు మేడ మీదకి చేర్చారు. మూడు రోజులు అక్కడే. కింద ఎర్రనీరు, కొబ్బరి చెట్ల మొదళ్ళు కనిపించవు, తలలు మాత్రం కనిపిస్తాయి, ఎవరిదో గేదె కొట్టుకుపోతూ అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవిలో ఉంది. పిల్లలం భయంతో ఏడుస్తుంటే మా తెలుగు మాస్టారు తన సంచీలోంచి ఒక బైండు పుస్తకం తీశారు. బట్టల మూట వదిలేసి అది తెచ్చుకున్నారాయన. చందమామలో నెలనెలా వచ్చిన 'పాతాళదుర్గం' సీరియల్ పేజీలు విడదీసి, దారంతో కుట్టి, అట్ట వేయించుకున్నది. లాంతరు దగ్గర పెట్టుకుని చదవడం మొదలుపెట్టారు. ఇరవైమంది పిల్లలం. కాసేపటికి పెద్దవాళ్ళూ చేరారు. ఒక్కో భాగం ఎక్కడో ప్రమాదంలో ఆగుతుంది కదా, అక్కడ మాస్టారు పుస్తకం మూసి "మిగతాది అన్నం తిన్నాక" అనేవారు. అన్నం అంటే పైనుంచి జారవిడిచిన పొట్లాలో, ఎవరో పడవలో తెచ్చిన పులిహోరో. కథ కోసం తినేవాళ్ళం. ఆ మూడు రోజుల్లో నాకు నీళ్ళ భయం పోలేదు. కానీ భయంతోపాటు ఇంకొకటి కూడా మనసులో ఉండొచ్చని అప్పుడు తెలిసింది.

ఆ సీరియల్ రాసిన దాసరి సుబ్రహ్మణ్యం గారి పేరు చాలా ఏళ్ళు మాకెవరికీ తెలియదు, ఎందుకంటే పత్రికలో ఆయన పేరు వేసేవారు కాదు. 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి 'మకరదేవత', 'రాకాసిలోయ', 'శిథిలాలయం', 'మాయాసరోవరం' ఇలా వరసగా రాస్తూ వచ్చారు. మాంత్రికులు, కొండగుహలు, వింత జంతువులు, ఇద్దరు స్నేహితులు కలిసి ప్రాణాలకు తెగించి చేసే ప్రయాణాలు. నువ్వు అడిగింది సరిగ్గా ఇదే. తరవాత ఇవి విడిగా పుస్తకాలుగానూ వచ్చాయి, పాత చందమామల స్కాన్లు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఉచితంగా దొరుకుతాయి, మీ సార్ ఫోన్లో తీసి చూపించగలరు. భాష చాలా తేలిక. ఒకటి చదివితే రెండోది నువ్వే వెతుక్కుంటావు.

ఇంకా వెనక్కి వెళ్తే మన రాజమండ్రిలోనే మధిర సుబ్బన్న దీక్షితులు గారు 'కాశీమజిలీ కథలు' పన్నెండు భాగాలు రాశారు. మణిసిద్ధుడనే ఆయన కాశీకి నడిచి వెళ్తూ, తోడు వచ్చిన పశువులకాపరి కుర్రాడికి ఆగిన ప్రతి మజిలీలోనూ ఒక కథ చెప్తాడు. 'పాతాళభైరవి' సినిమా మూలం కూడా అందులోదే. కానీ అది గ్రాంథికం, ఎనిమిదో తరగతికి గట్టిగా ఉంటుంది. తాతయ్యో అమ్మమ్మో చదివి చెప్తే వినాలి, ఒక్కడివీ కూర్చుని కుస్తీ పడకు.

హ్యారీ పోటర్ మొదటి పుస్తకానికి తెలుగు అనువాదం వచ్చింది, 'పరుసవేది' అని. అన్నిచోట్లా దొరకదు, లైబ్రరీలో అడుగు. డబ్బుల సంగతి అన్నావు కదా, ఇంటిపన్నుతోపాటు మనందరం గ్రంథాలయ సెస్సు కూడా కడతాం, మీ దగ్గర్లోని శాఖా గ్రంథాలయం నీదే. వెళ్ళి సభ్యత్వం తీసుకో, కట్టేది కొద్దిపాటి డిపాజిట్టే. కావాల్సిన పుస్తకం లేకపోతే కాగితం మీద పేరు రాసి ఇవ్వు, ఊరికే నోటితో చెప్పి రాకు. నేను లైబ్రరీ ఉద్యోగంలో ఉన్నప్పుడు పిల్లలు రాసిచ్చిన చీటీలు ఒక డబ్బాలో పెట్టి పుస్తకాలు కొనేటప్పుడు పైకి పంపేదాన్ని. చీటీ ఉంటే అడగడానికి మాకు బలం. ఎప్పుడైనా రాజమండ్రి వెళ్తే గౌతమీ గ్రంథాలయం కూడా చూడు, నూరేళ్ళు దాటిన లైబ్రరీ.

ఇక ఇంగ్లీషు. నీకు ఒక సంగతి చెప్తాను, ఇది తెలిస్తే సగం భయం పోతుంది. ఈ మాయాలోకాల పుస్తకాల్లో ఉండే మాటల్లో బోలెడన్ని రచయితలు సొంతంగా పుట్టించినవే, లండన్‌లో పుట్టిన పిల్లాడు కూడా నీలాగే మొదటిసారి అక్కడే చూస్తాడు. వాడు డిక్షనరీ తియ్యడు, ముందుకి చదివేస్తాడు, పది పేజీలయ్యేసరికి అర్థం అదే తెలుస్తుంది. నువ్వూ అలాగే చెయ్యి. ప్రతి మాటకీ ఆగితే కథ చచ్చిపోతుంది. పేజీకి రెండు మాటలు మాత్రం, కథ నడవడానికి అవి లేకపోతే కుదరదు అనిపించినవి, నోట్‌బుక్‌లో రాసుకుని మర్నాడు సార్‌ని అడుగు. సినిమా చూశావు కాబట్టి కథ తెలుసు, అది నీకు మంచి ఆసరా. మొదటి ముప్పై పేజీలు కష్టంగా ఉంటాయి. ఆ ముప్పై దాటు.

పెద్దవాళ్ళకి ఇక్కడే ఒక మాట. పదేళ్ళదాకా పిల్లలకి తెలుగులో నీతికథలు, తెనాలి రామలింగడు, బొమ్మల పుస్తకాలు ఎన్నో ఉన్నాయి. ఇరవై దాటాక నవలలున్నాయి. మధ్యలో, పదమూడేళ్ళ పిల్లాడికి, తెలుగులో ఈనాడు కొత్తగా ఎవరు రాస్తున్నారు? చందమామ ఆగిపోయింది. మనం ఖాళీగా వదిలేసిన చోటికి ఇంగ్లీషు పుస్తకాలు వచ్చి కూర్చున్నాయి. వాటిని తిడుతున్నాం గానీ ఆ చోటు ఎవరు వదిలేశారో మాట్లాడుకోవడం లేదు. దీని గురించి నాకు నిజంగా బాధ.

ప్రశ్న: మేడం, ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ, హాస్టల్. పెట్టెలు వెతికి నా 'ద హాబిట్' తీసేసుకున్నారు. అదైనా పర్వాలేదు, ఇంటికి ఫోన్ చేసి "మీ అమ్మాయి నవలలు చదువుతోంది" అని చెప్పారు. అమ్మ ఫోన్లో ఏడ్చింది. నేనేం తప్పు చేశాను? (భీమవరం)

జవాబు: ఏ తప్పూ చెయ్యలేదు తల్లీ. మీ అమ్మగారు ఏడ్చింది పుస్తకానికి కాదు, ఆ వాక్యానికి. మన ఇళ్ళల్లో "ఆడపిల్ల నవలలు చదువుతోంది" అనే మాటకి యాభై ఏళ్ళ చరిత్ర ఉంది, చదువు పాడవుతుంది, మనసు చెడుతుంది, ఎవరితోనో లేచిపోతుంది అనే భయాలన్నీ ఆ ఒక్క మాటలో ఉంటాయి. ఆవిడకి అది వినిపించింది. అందులో ఉన్నది పొట్టివాడొకడు తన హాయైన ఇల్లు వదిలి, పదమూడుమంది మరుగుజ్జులతో కలిసి, డ్రాగన్ పట్టుకున్న కొండకి వెళ్ళడమని ఆవిడకెలా తెలుస్తుంది? ఆదివారం ఫోన్ దొరికినప్పుడు సంజాయిషీ చెప్పకు, కథ చెప్పు. పది నిమిషాలు చాలు.

హాస్టల్ రూలు రూలే, రెండేళ్ళు దాన్తో గొడవపడి నీ బలం పోగొట్టుకోవద్దు. పుస్తకం మర్యాదగా అడిగి తిరిగి తీసుకుని ఇంట్లో పెట్టు, సెలవుల్లో చదువుకో. నీకు నచ్చుతుందని ఒక సంగతి: ఆ పుస్తకం మొదటి వాక్యం పుట్టింది పరీక్ష పేపరు మీదే. దాన్ని రాసిన టోల్కీన్ గారు వేసవిలో జవాబు పత్రాలు దిద్దుతూ కూర్చుంటే ఎవరో విద్యార్థి ఒక పేజీ ఖాళీగా వదిలేశాడట, ఆ ఖాళీ పేజీ మీద ఆయన రాసేశారు. 1937లో పుస్తకమైంది.

ప్రశ్న: మేడం గారూ, నాకు 47 ఏళ్ళండి. రోజూ నర్సాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) మీద దాటి ఉద్యోగానికి వెళ్తాను. మా అమ్మాయి పెర్సీ జాక్సన్ పుస్తకం ఒకటి సంచీలో ఉండిపోతే పంటు మీద తెరిచాను. ఇప్పుడు మూడోది. పక్కవాళ్ళు చూస్తారని న్యూస్‌పేపర్లో పెట్టుకుని చదువుతున్నాను. ఈ వయసులో ఇదేంటని నాకే అనిపిస్తోంది.

జవాబు: పేపరు తీసేయండి తమ్ముడూ. నార్నియా కథలు రాసిన సి.ఎస్. లూయిస్ గారు, పదేళ్ళప్పుడు ఇలాంటి కథలు చాటుగా చదివాననీ, యాభై వచ్చాక అందరి ముందూ చదువుతున్నాననీ రాశారు. చిన్నపిల్లాడిలా కనిపిస్తానేమో అన్న భయం కూడా చిన్నతనంలో వదిలేయాల్సిన వాటిల్లో ఒకటేనన్నారు. మీరు మూడేళ్ళు ముందున్నారు.

మీరు చదువుతున్న ఆ వరస కూడా ఒక తండ్రి నోట పుట్టిందే. రిక్ రియోర్డన్ గారు బడిపంతులు. కొడుక్కి చదవడమంటే అక్షరాలు తారుమారై కష్టం, ఒకచోట కుదురుగా కూర్చోలేడు. రాత్రిళ్ళు వాడికి గ్రీకు పురాణాలు చెప్తూ చెప్తూ, అవి అయిపోయాక సొంతంగా ఒక పిల్లాణ్ణి పుట్టించారు, వాడికీ అవే ఇబ్బందులు పెట్టారు, అవి ఉన్నందుకే వాడు వీరుడన్నారు. 2005లో మొదటి పుస్తకం. ఈ కాలమ్ చదివేవాళ్ళలో ఎవరింట్లోనైనా పుస్తకమంటేనే పారిపోయే పిల్లలుంటే ఈ వరస మొదట ఇచ్చి చూడండి.

మీ అమ్మాయికి చెప్పారా మీరు చదువుతున్నట్టు? చెప్పండి. టీనేజి పిల్లతో నాన్నకి మాట్లాడుకోవడానికి దొరికే సంగతులు ఎన్ని, చదువు, ఫీజు, భోంచేశావా. ఇప్పుడు ఇంకొకటి దొరికింది కదా.

ప్రశ్న: అమ్మాయ్, మా మనవరాలు పన్నెండేళ్ళది. మంత్రాల పుస్తకాలు చదివి నోట్సులో ఏవో మంత్రాలు రాసుకుని, కొబ్బరీనె పట్టుకుని దొడ్లో తిప్పుతోంది. చేతబడులవీ మంచివి కావు కదా, నాకు భయంగా ఉంది. (పాలకొల్లు నుంచి ఒక నానమ్మ)

జవాబు: పిన్నిగారూ, ఆ కొబ్బరీనెతో ఏమీ జరగదని మీ మనవరాలికి మీకన్నా బాగా తెలుసు. మీరు భేతాళుడి కథ విని రాత్రి చెట్టుకేసి చూసి పరిగెత్తలేదూ? అదే ఇది. ఆట. చేతబడి అనే భయం వేరు, దాని పేరు చెప్పి ఏ ఆధారమూ లేకుండా ఒంటరి ఆడవాళ్ళనీ ముసలివాళ్ళనీ కొట్టిన సంగతులు ఇప్పటికీ పేపర్లో చదువుతున్నాం. మనం భయపడాల్సింది ఆ నమ్మకానికి. కథలో మంత్రం కథ మూస్తే అయిపోతుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం అమ్మాయి వాళ్ళమ్మకి చెప్పండి. అట్ట మీద కత్తీ కిరీటం ఉన్నంత మాత్రాన పన్నెండేళ్ళ పిల్ల పుస్తకం కాదు, ఈ మధ్య అలాంటి అట్టలతోనే పూర్తిగా పెద్దవాళ్ళ శృంగారం ఉన్న నవలలు కూడా వస్తున్నాయి. కొనేముందు ఏ వయసుకో చూసుకుని, వీలైతే తను ముందు చదివి ఇస్తే మంచిది. మీరు మాత్రం రాత్రి ఆ పిల్లని పక్కన పడుకోబెట్టుకుని బాలనాగమ్మ కథ చెప్పండి, మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉందని తెలిసినప్పుడు దాని కళ్ళు చూడండి.

ప్రశ్న: హాయ్ మేడం, నేను తొమ్మిదో తరగతి, ఫాంటసీ నవల రాస్తున్నాను, తెలుగులోనే. 40 పేజీలయింది. హీరోయిన్ పేరు ఎలీనా. మంచు కొండల మీద కోటలో ఉంటుంది. ఫ్రెండ్స్ బాగుందంటున్నారు కానీ నాకే ఎక్కడో అతకడం లేదు. ఎందుకో చెప్తారా? (రాజోలు)

జవాబు: అతకడం లేదని నీకే తెలిసింది చూడు, అది నలభై పేజీల కన్నా పెద్ద సంగతి.

నువ్వు పంపిన రెండు పేజీలూ చదివాను. మంచు గురించి నువ్వు రాసిన ఆరు వాక్యాల్లో "తెల్లగా" నాలుగుసార్లు వచ్చింది. కోట మెట్లు దిగి ఎలీనా వాగు దాటే చోట మాత్రం, "కాలి కింద బురద వేళ్ళ మధ్యలోంచి పైకి వచ్చింది" అని రాశావు. అక్కడ నేను ఆగి మళ్ళీ చదివాను. మంచు నువ్వు సినిమాల్లో చూశావు, బురద నీ కాలికి తెలుసు. ఎలీనా పేరు తప్పని కాదు, మంచు రాయకూడదనీ కాదు. కానీ నువ్వు పుట్టిన చోటే సగం మాయాలోకంలా ఉంటే దాన్ని దాటేసి ఎక్కడికో వెళ్తున్నావనిపించింది.

అమెరికాలో ఉర్సులా లెగ్విన్ అని ఒకావిడ 1968లో టీనేజి పిల్లల కోసం ఒక మాంత్రికుడి నవల రాశారు, 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ'. ఆ లోకంలో ఖండాలు లేవు, అన్నీ దీవులే, ఎక్కడికెళ్ళాలన్నా పడవే. అందులో పిల్లాడిది గోధుమరంగు ఒళ్ళు, కావాలనే అలా పెట్టారావిడ. అక్కడ మంత్రమంటే ఒక వస్తువు అసలు పేరు తెలియడం. పేరు తెలిస్తే దాని మీద అధికారం వస్తుంది, కాబట్టి తన అసలు పేరు ఎవరూ ఎవరికీ చెప్పరు. దొరికితే చదువు. దీవులు, పడవలు, పేర్లు. నీకు వేరే ఎక్కడో ఉన్నట్టు అనిపించదు.

ఇప్పుడు మీ ఊరి చుట్టూ చూడు. గోదావరి ఏడు పాయలై ఏడుగురు ఋషుల పేర్లు పెట్టుకుందని మనవాళ్ళు చెప్పుకుంటారు, మీ దగ్గర పారే వైనతేయకి గరుత్మంతుడి పేరు. నది ఒక్కో లంకని ఏడాదికింత కోసుకుంటూ పోతుంది, తాతల నాటి పొలం, తోట, గుడి నీళ్ళలో కలిసిపోయిన కుటుంబాలు నీ క్లాసులోనే ఉంటాయి. అవి నీళ్ళకింద ఏమయ్యాయి? పోటు వచ్చినప్పుడు ఏరు వెనక్కి పారుతుంది, ఆ కాసేపట్లో కాలం కూడా వెనక్కి వెళ్తే? ఇలాంటి ఒక్క "అయితే" పట్టుకో, మిగతా మంత్రాలన్నీ పక్కన పెట్టు. మంత్రానికి ఒక హద్దు పెట్టు, అది వాడినప్పుడల్లా ఆ పిల్ల ఏదో ఒకటి పోగొట్టుకోవాలి, లేకపోతే మూడో అధ్యాయానికి కథలో ప్రమాదమే ఉండదు. మంచి పుస్తకాలన్నిటిలోనూ ఇది చూస్తావు. మాటలు కూడా ఇక్కడివే వాడు: రేవు, ఏటిగట్టు, పాయ, ముంపు, దింపు. డిక్షనరీ తెలుగు వద్దు.

నలభై పేజీలూ చింపకు, దాచుకో. కొత్త నోట్‌బుక్‌లో ఒకే ఒక్క సీను రాసి నాకు పంపు: ఎర్రనీరు రావడానికి ముందురోజు సాయంత్రం, ఒక పిల్ల రేవులో దిగింది, నీళ్ళలో ములిగిపోయిన పాత ఊరి గుడిగంట వినిపించింది. నీళ్ళు ఎంతలోతుకి వచ్చాక వినిపించిందో, అప్పుడు గట్టు మీద నిలబడి ఎవరు తనని పిలుస్తున్నారో, అది రాయి.